వైద్యుని మౌనము

రోగము వచ్చినపుడు వైద్యుని యింటికి పోవుట పూర్వాచారము. నేడు వైద్యునికంటె ముందుగా చేతిలోని ఫోనును అడుగుట ఆచారమైనది. బిడ్డకు జ్వరము తగిలిన తల్లి గాని, మధుమేహముతో బాధపడు రైతు గాని, తండ్రికి పక్షవాతము వచ్చిన కుమారుడు గాని మొదట యూట్యూబును చూచుచున్నారు. పిమ్మట వాట్సాపులో బంధువులు పంపిన చిట్కాలను చదువుచున్నారు. ఆ పిమ్మట ఆసుపత్రికి పోవుచున్నారు. కొందరు పోవుటయే మానుచున్నారు. ఈ మార్పు మంచిదా, చెడ్డదా యని తర్కించుటవలన ఫలము లేదు. అది వచ్చినది, స్థిరపడినది. ఇప్పుడు విచారింపదగిన ప్రశ్న యొక్కటే. ప్రజలు తమ ఆరోగ్యమునుగూర్చి ప్రశ్నించుచున్న ఆ చోట ప్రత్యుత్తర మిచ్చుచున్న వారెవరు?

ఆ చోట మందు లమ్మువారు కలరు. చిట్కాలు చెప్పువారు కలరు. వైద్యశాస్త్రమున ఒక్క దినమైనను శిక్షణ పొందని వక్తలు కలరు. వారి వాక్చాతుర్యము గొప్పది. వారి సాహసము అంతకంటె గొప్పది. శాస్త్రము చదివి, ఏండ్ల తరబడి ఆసుపత్రులలో శ్రమించి, రోగుల జీవన్మరణములను దగ్గర నుండి చూచిన వైద్యులలో పెక్కుమంది మాత్రము అచట కానరారు. కొందరు వైద్యులు తెలుగున చక్కగా మాటలాడుచున్నారు, వారిని అభినందించుచున్నాము. కాని వారి సంఖ్య అవసరమునకు చాలదు. వైద్యులు సామాజిక మాధ్యమములలో తమ స్వనామముతో, వృత్తిగౌరవమునకు తగినట్లు, నిలుకడగా మాటలాడవలెననియు, అట్లు సంపాదించిన పేరును ప్రజలు తమయొద్ద దాచిన సొత్తుగా నెంచి కాపాడుకొనవలెననియు మా దృఢాభిప్రాయము. ఇది వైద్యుల స్వలాభమునకు మాత్రమే సంబంధించిన విషయమని కొందరు తలంపవచ్చును. ఇది ప్రజల ప్రాణములకు సంబంధించిన విషయమని చూపుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

2021 మే మాసమును తెలుగువారు మరచిపోలేదు. కోవిడ్ రెండవమారు విజృంభించిన ఆ దినములలో ఆసుపత్రులలో పడకలు దొరకలేదు; ప్రాణవాయువు చాలలేదు. అట్టి సమయమున నెల్లూరు జిల్లా కృష్ణపట్నములో ఒక నాటువైద్యుడు మందిచ్చుచున్నాడను వార్త ఫోనుల ద్వారా నలుదిశల వ్యాపించెను. కంటిలో చుక్కలు వేయగనే, ఊపిరాడక యున్న రోగి తేరుకొని మాటలాడినట్లు ఒక వీడియో ఊరూర తిరిగెను. వేలకొలది జనులు ఆ గ్రామమునకు పరుగిడిరి. రద్దీకి తాళలేక పంపిణీని నిలుపవలసి వచ్చెను. మే 31వ తేదీన రాష్ట్ర ప్రభుత్వము కంటిచుక్కలను మినహాయించి తక్కిన మందుల పంపిణీకి అనుమతి నిచ్చెను. ఆ మందులు కోవిడును కుదుర్చుననుటకు నిదర్శనము లేదనియు చెప్పెను. వీడియోలో కనబడిన రోగి ఆ మాసాంతమునకే మరణించెను. ఆయన తేరుకొనిన దృశ్యమును చూచినవారు లక్షలు. ఆయన మరణవార్తను చదివినవారెందరు?

ఆ జనసమూహమును మూఢులని నిందించుట సులభము, న్యాయము కాదు. వారు భయపడిరి. భయపడిన మనుష్యుడు తనతో మాటలాడినవారి మాటనే వినును. ఆ దినములలో ప్రతి మండలమునను ప్రజలకు అంతకు పూర్వమే పరిచితుడైన వైద్యుడొకడు, తన పేరు చెప్పి, తన ముఖము చూపి, రక్తములోని ప్రాణవాయువు 94 శాతమునకు తగ్గినచో జాగు చేయక ఆసుపత్రికి రండనియు, కంటిలో ఏమియు వేసికొనకుడనియు తేట తెలుగున చెప్పియున్నచో, వినువారు లేకపోయెడివారా? అంతకు పూర్వమే పరిచితుడై యుండుట ఇచట ముఖ్యము. కరవు వచ్చిన పిమ్మట విత్తనము చల్లినవాడు ఆ కరవును దాటలేడు. నమ్మకమును గూడ మంచికాలముననే పండించి గాదెలో పోసికొనవలెను.

ఇది తెలుగుదేశమునకు మాత్రమే పట్టిన దుస్థితి కాదు. 2017 ఫిబ్రవరిలో తమిళనాడున తట్టు, రుబెల్లా వ్యాధులకు టీకాలు వేయు ఉద్యమము ఆరంభింపగా, తొమ్మిది మాసములు మొదలు పదునైదేండ్ల వరకు గల పిల్లలకు ఆ టీకా హానికరమని వాట్సాపులో వదంతులు వ్యాపించెను. తల్లిదండ్రులు వెనుదీసిరి, గడువును పొడిగింపవలసి వచ్చెను. 2020 ఫిబ్రవరి 15న మ్యూనిక్ నగరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి టెడ్రోస్ అధనోమ్ మాటలాడుచు, లోకము వ్యాధితోడనే గాక ఇన్ఫోడెమిక్ అను అసత్యవార్తల మహమ్మారితో గూడ పోరాడవలసి యున్నదని హెచ్చరించెను. వ్యాధికి టీకా మరుసటి సంవత్సరమునకు దేశదేశములందు అందెను. రెండవ మహమ్మారికి టీకా ఇప్పటికిని కనుగొనబడలేదు. ప్రజలు విశ్వసించు వైద్యుని మాటయే దానికి మనకు తెలిసిన మందు.

ఆ మందు పనిచేయుననుటకు పొరుగు రాష్ట్రమున ఒక దృష్టాంతము కలదు. కేరళమున కొందరు వైద్యులు కలసి ఇన్ఫో క్లినిక్ అను పేర ఫేస్‌బుక్కులో ఒక పుటను స్థాపించి, టీకాలనుగూర్చియు అంటువ్యాధులనుగూర్చియు మలయాళమున వ్రాయుచు వచ్చిరి. 2018 మే మాసమున కోళికోడు ప్రాంతమున నిపా వ్యాధి తలసూపినపుడు వదంతులు విషమువలె ప్రాకెను. అప్పుడు ఆ వైద్యులు కొత్తగా పరిచయము చేసికొనవలసిన పని లేకపోయెను. వారి పేరులు ప్రజలకు తెలిసియుండెను. వారు చేసిన దానిలో మంత్రము లేదు. తెలిసినది తమ భాషలో, తమ పేరుతో, మానక చెప్పుచుండిరి. అంతియే.

అట్లయిన మన వైద్యులలో పెక్కురు ఏల మౌనము వహించియున్నారు? వారు చెప్పు కారణములు నాలుగు. వానిని ఒక్కొక్కటిగా పరిశీలింతము.

మొదటిది వినయము. తన్నుగూర్చి తాను చెప్పికొనుట కపటవైద్యుల లక్షణమనియు, మంచి వైద్యునికి వాని హస్తవాసియే ప్రకటన యనియు వారందురు. ఈ భావము ఉత్తమమైనది, ప్రాచీనమైనది. చరకసంహిత సూత్రస్థానమున 29వ అధ్యాయము వైద్యులను రెండు తెగలుగా విభజించినది. ప్రాణములను నిలుపువారు ప్రాణాభిసరులు. ప్రాణములను హరించి రోగములను పెంచువారు రోగాభిసరులు. ఈ రెండవ తెగవారు వైద్యవేషము ధరించి తిరుగుచు, ఎవరికైన జబ్బు చేసినదని వినగనే అచటికి చేరి, వినబడునట్లు తమ గుణములను తామే పొగడుకొందురని ఆ గ్రంథము వర్ణించినది. నేటి ఫోను తెరపై ఈ వర్ణనకు సరిపోవువారు ఎందరో పాఠకులే చెప్పగలరు. కాని చరకుడు నిందించినది ఆత్మస్తుతిని; బోధను కాదు. ఆరోగ్యవంతుని ఆరోగ్యమును కాపాడుట ఆయుర్వేద ప్రయోజనములలో మొదటిదని ఆ సంహితయే చెప్పుచున్నది. ఆరోగ్యవంతుడు వైద్యుని యొద్దకు రాడు. కనుక వైద్యుని మాటయే వానియొద్దకు పోవలెను. నేను గొప్పవాడనని చెప్పుట యొకటి. ఉప్పు తగ్గింపుడు, రక్తపుపోటు చూపించుకొనుడు, పాము కరచినచో కట్లు కట్టక, కోతలు కోయక వెంటనే ఆసుపత్రికి రండని చెప్పుట వేరొకటి. రెంటికిని గల భేదమును గుర్తింపక, రోగాభిసరులకు వెఱచి ప్రాణాభిసరులు నోరు మూసికొనినచో, లోకమునకు వినబడునది రోగాభిసరుల కంఠమే యగును.

రెండవ కారణము నియమావళి. ప్రకటనలు నిషిద్ధములు గనుక నోరు మెదపరాదని కొందరి భావము. నియమములను పూర్తిగా చదివినచో ఈ భయము నిలువదు. భారత వైద్య మండలి 2002లో చేసిన వృత్తినియమములు రోగుల నాకర్షించుటకై ప్రకటించుకొనుటను నిషేధించిన మాట సత్యము. కాని ఆ నియమములే, ఏడవ అధ్యాయమున, వైద్యుడు ప్రజారోగ్యమునుగూర్చియు, ఆరోగ్యకరమైన జీవనమునుగూర్చియు తన పేరుతో పత్రికలకు వ్రాయవచ్చుననియు, బహిరంగోపన్యాసములు చేయవచ్చుననియు, రేడియో, టెలివిజను, ఇంటర్నెట్ సంభాషణలలో పాల్గొనవచ్చుననియు అనుమతించినవి. అనగా ఇరువదేండ్లకు పూర్వమే ద్వారము తెరువబడి యున్నది.

జాతీయ వైద్య కమీషను 2023 ఆగష్టు 2న క్రొత్త నియమములను ప్రకటించినపుడు సామాజిక మాధ్యమములనుగూర్చి ప్రత్యేకముగా మార్గము చూపెను. రోగుల ఛాయాచిత్రములను, స్కాను చిత్రములను ప్రకటింపరాదు. రోగులచేత ప్రశంసలు వ్రాయించుకొనరాదు. లైకులను, ఫాలోవర్లను కొనరాదు. బహిరంగస్థలమున ఒక రోగికి మందు వ్రాయరాదు. ఇవి అందలి ముఖ్యాంశములు. జెనరిక్ పేరులతోనే మందులు వ్రాయవలెనను నిబంధనపై ముఖ్యముగా లేచిన నిరసనవలన ఆ నియమావళి యంతయు ఆగష్టు 23న నిలిపివేయబడెను. 2002 నాటి నియమములే మరల అమలులోనికి వచ్చెను. జెనరిక్ మందులపై వచ్చిన వివాదముతో పాటు సామాజిక మాధ్యమములనుగూర్చిన మంచి సూచనలు గూడ మూలబడుట విచారకరము. చట్టబలము లేకపోయినను ఆ సూచనలను తామే పాటించుటకు వైద్యులకు ఎవరి అనుమతియు నక్కరలేదు.

మూడవ కారణము తీరిక లేమి. ఇది నిజమైన కష్టము. ఉదయము నుండి రాత్రి వరకు రోగులను చూచువానిని, ఇంకను కూర్చుండి వీడియోలు చేయుమనుట కఠినముగా తోచును. కాని ఆ వైద్యుడే దినమునకు నలువదిమంది రోగులకు నలువదిమార్లు చెప్పుచున్న ఒకే మాటను ఒక్కమారు నెమ్మదిగా, స్పష్టముగా చెప్పి నిలిపినచో, అది ఆతని గదిలోనికి ఎన్నడును రాని నాలుగువేల మందికి చేరవచ్చును. వారమున కొకటి చాలును. పక్షమున కొకటియైనను చాలును. పదిమంది వైద్యులు కలసి వంతుల ప్రకారము చేసినచో ఎవరికిని భారము కాదు.

నాలుగవది భయము. దీనినిగూర్చి ముందు వ్రాయుదుము. ఏలన ఇది మొదటి మూడింటివలె సమాధానపరచి విడువదగినది కాదు.

ప్రజలతో మాటలాడుట తెలుగు వైద్యులకు క్రొత్తయని తలంపరాదు. మచిలీపట్టణమున వైద్యవృత్తి నవలంబించిన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1919లో జన్మభూమి యను ఇంగ్లీషు వారపత్రికను స్థాపించి నడపిరి. కొమఱ్ఱాజు అచ్చమాంబ గారు వైద్యురాలిగా పేరు గడించియు, అంతటితో తృప్తిపడక, ప్రసూతినిగూర్చియు శిశుపోషణమునుగూర్చియు తెలుగు తల్లులకొరకు గ్రంథము వ్రాసిరి. విజయవాడ వైద్యులు గోపరాజు సమరము గారు స్వాతి వారపత్రికలో దశాబ్దముల తరబడి పాఠకుల సందేహములకు సమాధానము లిచ్చిరి. ఇంటిలో ఎవరితోను చెప్పికొనలేని ప్రశ్నలను తెలుగు యువకులు ఆయనకు వ్రాసిరి. వీరిలో ఎవరి గౌరవమును మాటలాడుటవలన తగ్గలేదు. నాడు పత్రిక యుండెను. నేడు ఫోను వచ్చినది. సాధనము మారినది గాని ధర్మము మారలేదు.

ఇక వైద్యుడు తన పేరును ఎట్లు నిర్మించుకొనవలెను? ఇందుకు మాకు తోచిన మార్గము సరళమైనది. తన అసలు పేరును, చదువును, వైద్య మండలి రిజిస్ట్రేషను సంఖ్యను మొట్టమొదట చూపవలెను. తాను చదివిన శాఖను దాటి మాటలాడరాదు. ఎముకల వైద్యుడు మూత్రపిండములనుగూర్చి తీర్పు చెప్పుట ప్రజలను పెడదారి పట్టించుటయే. తెలుగున మాటలాడవలెను; ఆ తెలుగు పాలికాపునకును, ఆతని భార్యకును అర్థము కావలెను. ఇంగ్లీషు పదముల నడుమ అచ్చటచ్చట తెలుగు విభక్తులు చేర్చిన భాష వైద్యునికి సులభము కావచ్చును. రోగికి ప్రయోజనము లేదు. శాస్త్రమునకు తెలిసినదేదో, ఇంకను తెలియనిదేదో విడమరచి చెప్పవలెను. చెప్పినది తప్పని తేలినచో దాచక సరిదిద్దవలెను. వ్యక్తిగతముగ మందడిగినవారికి బహిరంగముగ వ్రాయక, పరీక్షకు రమ్మని చెప్పవలెను. దూరము నుండి చికిత్స చేయుటకు 2020 మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకములు వేరుగ కలవు. బహిరంగ బోధకును, రోగిచికిత్సకును నడుమ గల గట్టును చెరిపివేయరాదు. పొలము గట్టు చెరిగినచో వచ్చు తగవులు మన పాఠకులకు తెలియనివి కావు.

పేరును నిర్మించుటకంటె కాపాడుట కష్టము. దానికి శత్రువులు ముగ్గురు. మొదటి శత్రువు వైద్యుని స్వహస్తమే. శస్త్రచికిత్స జరుగుచుండగా తీసిన వీడియోను గొప్పకొరకు ప్రకటించువారు కలరు. ప్రసవించిన తల్లి చిత్రమును ఆమె అనుమతి లేకయే చూపువారు కలరు. రోగియింట ప్రవేశించిన వైద్యుడు ఆ యింటి విషయములను వెలుపల చెప్పరాదని చరకసంహిత విమానస్థానము శిష్యులచేత ప్రతిజ్ఞ చేయించినది. గ్రీసు దేశపు హిపోక్రటీసు ప్రతిజ్ఞయు ఇదే మాట చెప్పినది. రోగి గుర్తుపట్టబడునట్లు ఆతని చిత్రమును అనుమతి లేక ప్రకటింపరాదని 2002 నాటి నియమములును చెప్పుచున్నవి. తూర్పు, పడమర, పాత, క్రొత్త అన్నియు నేకమైన ఈ విషయమున వైద్యుడు తప్పినచో వానిని ఎవరు రక్షింపగలరు? మందుల కంపెనీల సొమ్ము పుచ్చుకొని, ఆ సంగతి దాచి, ఒక పొడినో, తైలమునో మెచ్చుకొనుట ఇంతకంటె తక్కువ దోషము కాదు. ఆరోగ్యవిషయములలో సలహా లిచ్చు ప్రసిద్ధులు తమ అర్హతను, తాము పొందు ప్రతిఫలమును వెల్లడింపవలెనని కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 2023 ఆగష్టులో మార్గదర్శకములు చేసినది. సామాన్యులకే ఈ నియమ మున్నపుడు వైద్యునికి ఎంత యుండవలెను?

రెండవ శత్రువు దొంగవేషగాడు. నేడు యంత్రముల సాయమున ఒకని ముఖమును, కంఠమును అచ్చు గ్రుద్దినట్లు సృష్టింపవచ్చును. ప్రసిద్ధ హృద్రోగవైద్యులు నరేష్ ట్రెహాన్ గారు చెప్పని మాటలను చెప్పినట్లు చూపు డీప్‌ఫేక్ వీడియో యొకటి 2024లో వ్యాపింపగా పోలీసులకు ఫిర్యాదు చేయవలసి వచ్చెను. ఆ సంవత్సరముననే దేవీ ప్రసాద్ షెట్టి గారి పేరును, రూపమును అక్రమముగా వాడుకొనుటను ఢిల్లీ హైకోర్టు నిషేధించెను. తాను సామాజిక మాధ్యమములలో లేనే లేనని నిశ్చింతగా నుండు వైద్యుడు ఈ సంగతిని గమనింపవలెను. ఆతడు లేకపోయినను ఆతని పేరు అచట ఉండవచ్చును. అసలైన ఖాతా లేనిచోట దొంగఖాతాను గుర్తించుట ఎట్లు? సరిహద్దు రాయి పాతని భూమిని ఆక్రమించుట సులభము.

మూడవ శత్రువు బలవంతుని ఆగ్రహము. వైద్యుల భయమునకు మూలము ఇదియే. 2019 డిసెంబరు 30న చైనా దేశపు వూహాన్ నగరమున లీ వెన్‌లియాంగ్ అను నేత్రవైద్యుడు, క్రొత్త వ్యాధి వచ్చుచున్నది, జాగ్రత్తపడుడని తన సహాధ్యాయులకు సందేశము పంపెను. జనవరి 3న పోలీసులు ఆయనను పిలిపించి మందలించి సంతకము చేయించుకొనిరి. ఫిబ్రవరి 7న ఆ వ్యాధితోనే ఆయన మరణించెను. మార్చిలో ఆ మందలింపును రద్దుచేసి క్షమాపణ చెప్పిరి. చెప్పినను వినుటకు ఆయన లేడు. మన దేశమున, కేరళపు కాలేయవైద్యులు సిరియాక్ ఆబీ ఫిలిప్స్ గారు ఒక మూలికౌషధ సంస్థ మందులను విమర్శింపగా, 2023 సెప్టెంబరులో బెంగుళూరు న్యాయస్థానము ఆయన వాదమును వినకయే తాత్కాలికాజ్ఞ నిచ్చెను. ఆయన ఎక్స్ ఖాతా నిలిపివేయబడెను. ఆ సంస్థనుగూర్చిన వ్రాతలను కనబడకుండ చేయవలెనను షరతుతో, అక్టోబరులో కర్ణాటక హైకోర్టు ఖాతాను తిరిగి తెరిపించెను. ఆ వివాదమున ఎవరి పక్షము సరియో న్యాయస్థానములు తేల్చుగాక. కాని వినకమునుపే నోరు మూయించుట ప్రజారోగ్యమునకు క్షేమకరము కాదని మాత్రము మేము నిస్సంశయముగా చెప్పగలము.

ఈ మూడవ శత్రువును ఒంటరి వైద్యుడు ఎదిరింపలేడు. ఇచట సంఘశక్తి కావలెను. 1954లోనే మాయమందుల ప్రకటనలను నిషేధించు చట్టము చేయబడెను. అయినను ఆ చట్టమును అమలు పరపించుటకు ఇండియన్ మెడికల్ అసోసియేషను 2022లో సుప్రీంకోర్టు నాశ్రయింపవలసి వచ్చెను. ఆ వ్యాజ్యముననే 2024 ఏప్రిలులో పతంజలి సంస్థ వార్తాపత్రికలలో క్షమాపణ ప్రకటించెను. ఒక్క వైద్యుడు సాధింపలేని దానిని సంఘము సాధించినది. ఆ సంఘము యొక్క జిల్లాశాఖలు సత్యము చెప్పి చిక్కులలో పడిన సభ్యునికి న్యాయసహాయ మిచ్చుటకు నిధి ఏర్పరచుకొనవలెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య మండలులు తమ పట్టికలలోని వైద్యుల అసలు ఖాతాలను నమోదు చేసి ప్రజలకు చూపవలెను. వైద్యకళాశాలలు నాడి పట్టుట నేర్పినట్లే ప్రజలతో మాటలాడుట గూడ నేర్పవలెను.

ఇచట ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలసి యున్నది. సామాజిక మాధ్యమములు నెమ్మదియైన సత్యముకంటె గట్టి కేకనే ముందుకు త్రోయును. అందు దిగిన వైద్యుడు గూడ క్రమముగ కేకలు వేయ నేర్చుకొనును. అప్పుడు వైద్యుని పట్టాయే అసత్యమునకు ముద్రయగునని విజ్ఞులు కొందరందురు. ఈ యపాయము కల్పితము కాదు. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అను ఇంగ్లీషు వైద్యుడు పండ్రెండుగురు పిల్లలను మాత్రమే ఆధారముగ గొని, ఎమ్.ఎమ్.ఆర్. టీకాకును ఆటిజమునకును సంబంధము కలదను అనుమానమును లాన్సెట్ పత్రికలో ప్రకటించెను. ఆ వ్యాసమును పత్రిక 2010లో ఉపసంహరించుకొనెను. అదే యేట ఆయన పేరు వైద్యుల పట్టిక నుండి కొట్టివేయబడెను. నడుమ పండ్రెండేండ్లు గడచెను. ఆ భయము ఇప్పటికిని పూర్తిగ పోలేదు. నాడు సామాజిక మాధ్యమములు లేవు. కావున వైద్యుని యసత్యమునకు మాధ్యమము కారణము కాదు. వృత్తిశిక్షణ సడలుటయే కారణము. ఒక వైద్యుడు తప్పు చెప్పినపుడు ఎదురు చెప్పుటకు పదిమంది వైద్యులు సిద్ధముగ నుండుటయే దానికి ప్రతిక్రియ. మంచివారు తొలగిపోవుట ప్రతిక్రియ కానేరదు.

పాఠకుల కర్తవ్యమును గూడ చెప్పక విడువరాదు. మన పల్లెలలో ఆర్.ఎం.పి. డాక్టరని పిలువబడువారిలో పెక్కుమందికి ఏ మండలిలోను నమోదు లేదు. ఆ మూడక్షరముల అసలు అర్థము మాత్రము నమోదైన వైద్యుడని! భూమి కొనునపుడు అడంగలు చూచి, దస్తావేజు చదివించి, సాక్షులను విచారించు గృహస్థుడు, ప్రాణమునకు సంబంధించిన మాటను వినునపుడు చెప్పువాడెవడని యేల విచారింపడు? వైద్యుల పట్టిక ఇంటర్నెట్టులో అందరికిని కనబడునట్లే యున్నది. పేరు వెదకుటకు రెండు నిమిషములు చాలును. నిజము తెలియని సందేశమును ఇతరులకు ఫార్వర్డు చేయకుండుట అంతకంటె సులభము. ఊరిలో మాటకు విలువగల పెద్దలు దీనిని పాటించినచో చిన్నలు అనుసరింతురు. సత్యము చెప్పిన వైద్యుని మాటను పదిమందికి పంపుట గూడ వారి ధర్మమే. వినువారు లేనిచోట చెప్పువారు పుట్టరు.

తెలుగు వైద్యుని నైపుణ్యమునకు లోటు లేదు. ఆంధ్ర వైద్యకళాశాల 1923 నుండియు, ఉస్మానియా వైద్యకళాశాల అంతకు పూర్వము నుండియు వైద్యులను తయారుచేయుచున్నవి. వారి శిష్యులు అమెరికాలోను, ఇంగ్లాండులోను పేరు గాంచియున్నారు. ఇంత విద్య గల జాతి, తన పల్లెవాసికి జ్వరము వచ్చినపుడు ఎవరో అజ్ఞాతుడు పంపిన వీడియోకు ఆతని నప్పగించుట తగునా? మరియొక మహమ్మారి యెప్పుడు వచ్చునో ఎవరును చెప్పజాలరు. అది వచ్చిన దినమున ప్రజలు ఎవరి మాట విందురో, నేటి వైద్యుల వాక్కును, మౌనమును బట్టి నిర్ణయమగును. వైద్యులు ఇకనైన నోరు విప్పుదురనియు, వారి సంఘములు వారికి అండగ నిలుచుననియు, ప్రజలు సత్యవాక్కును గుర్తించి గౌరవింతురనియు ఆశించుచున్నాము.